గుమ్మానికి గుమ్మడికాయ, చేతికి నల్లదారం

శనివారం పొద్దున ఏడు కాకముందే మా గుమ్మడిదల రోడ్డు మీదికి నిమ్మకాయల దండలు వచ్చేస్తాయి. సైకిల్ హ్యాండిల్ నిండా వేలాడేసుకుని ఒక పెద్దాయన కిరాణా కొట్లు, టిఫిన్ సెంటర్లు, పంక్చర్ షాపులు వరసగా తిరుగుతాడు. పోయిన వారం దండ తెంపి పక్కన పడేస్తాడు, కొత్తది కడతాడు, డబ్బులు తీసుకుని ముందుకు పోతాడు. ఎవరూ మాట్లాడుకోరు. ఒక నిమ్మకాయ, ఐదో ఏడో పచ్చిమిరపకాయలు, కొన్నిటికి అడుగున నల్లజీడి గింజ. లక్ష్మీదేవి అక్క జ్యేష్ఠాదేవికి పులుపూ కారమూ ఇష్టమట. గుమ్మం దగ్గరే అవి దొరికితే తృప్తిపడి, లోపలికి రాకుండా వెనక్కి పోతుందని పెద్దలు చెప్పే కారణం. నాకు ఈ కథ ఇష్టం. దరిద్రదేవతను కూడా తిట్టి తరమకుండా, తినడానికి పెట్టి సాగనంపడం అందులో ఉంది.

దీనికి ఈమధ్య ఫోన్లలో ఇంకో కారణం తిరుగుతోంది. దారం నిమ్మరసాన్ని పీల్చుకుంటుంది, అందులోని విటమిన్ సి ఆవిరై గాలిని శుద్ధి చేస్తుంది అని. అది నిజం కాదు. విటమిన్ సి ఆవిరై గాలిలోకి లేచే పదార్థం కాదు. వేడి చేస్తే ఆవిరవకముందే విరిగిపోతుంది. మందుల కంపెనీల మధ్య బతికే మనకు ఈ సంగతి అడిగితే చెప్పేవాళ్ళు వీధికి నలుగురున్నారు. నమ్మకాన్ని నమ్మకంగా ఉంచుకుందాం, దానికి అబద్ధపు సైన్సు తొడగొద్దు.

బూడిద ఎందుకు?

పేరులోనే గుమ్మడి ఉన్న ఊళ్ళో గుమ్మానికి గుమ్మడికాయ కట్టని కొత్త ఇల్లు అరుదు. కట్టేది కూర గుమ్మడి కాదు, బూడిద గుమ్మడి. బాగా ముదిరిన కాయ మీద తెల్లగా పేరుకునేది మైనం లాంటి పూత. లోపలి తేమను బయటికి పోనివ్వదు, బయటి తడిని లోపలికి రానివ్వదు. దెబ్బ తగలని కాయ ఉట్టిలో నెలల తరబడి నిలిచేది అందుకే. కడిగితే ఆ పూత పోతుంది. తెచ్చిన వారంలోనే కాయ కుళ్ళితే దిష్టి లాగేసింది అంటారు. బస్తాలో ఒత్తుకుపోయిన కాయ అయినా అంతే తొందరగా కుళ్ళుతుంది.

కోసి, లోపల కుంకుమ పోసి, పగలగొట్టడం బలికి బదులు చేసే పని. కూష్మాండ బలి అని శాస్త్రాల్లోనే పేరుంది. మేకనో కోడినో కోయకుండా కాయతో సరిపెట్టుకునే దారి మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. ఇదే ఆచారం సినిమావాళ్ళ భాషలోకీ ఎక్కింది. కొబ్బరికాయ కొట్టారంటే షూటింగ్ మొదలు, గుమ్మడికాయ కొట్టారంటే పూర్తయినట్టు. తెలుగు పత్రిక చదివేవాళ్ళెవరికీ దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. దసరా మర్నాడు పొద్దున్నే షిఫ్టుకు బండి మీద పోయేవాళ్ళు రోడ్డు మీద పగిలిన గుమ్మడికాయ గుజ్జులో జారిపడుతున్నారు. మన దిష్టి పోవడానికి కొట్టిన కాయ ఇంకొకరి మోచిప్ప పగలగొట్టకూడదు కదా! కొట్టిన చేత్తోనే చీపురు పట్టి పక్కకు ఊడిస్తే రెండు నిమిషాల పని.

ఎర్రనీళ్ళు, ఉప్పు చిటపటలు

పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేయగానే నీళ్ళు ఎర్రబడతాయి. కొత్త కోడలికీ, పురుడు పోసుకుని వచ్చిన బిడ్డకూ ఆ పళ్ళెంతోనే దిష్టి తీస్తాం. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది. మందుల కంపెనీ క్యూసీ ల్యాబులో ఆమ్లమా క్షారమా అని రంగు చూసి తేల్చే పనిని మా నాయనమ్మ ఇత్తడి పళ్ళెంలో రోజూ చేసేది, దానికి ఆమె పెట్టుకున్న పేరు వేరు.

ఉప్పు తీసి పొయ్యిలో వేస్తే చిటపటలాడుతుంది. ఎంత చప్పుడైతే అంత దిష్టి పోయినట్టు. రాళ్ళ ఉప్పులో కంటికి కనిపించనంత నీళ్ళు చిక్కుకుని ఉంటాయి. వేడికి అవి ఆవిరై రాయిని పగలగొట్టుకుని బయటికొస్తాయి, ఆ చప్పుడే ఇది. గ్యాస్ పొయ్యిలొచ్చాక నిప్పులు లేవు. ఉప్పూ మిరపకాయలూ కాగితంలో చుట్టి మూడు బాటల దగ్గర పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా రావడం మిగిలింది.

తిలిస్మాత్ అంటే తెలుసా?

జలుబు చేస్తే వేడినీళ్ళలో రెండు చుక్కలు వేసుకునే జిందా తిలిస్మాత్ సీసా తెలంగాణలో ఎరగని ఇల్లుండదు. హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో హైదరాబాద్‌లో దాన్ని మొదలుపెట్టారు. తిలిస్మాత్ అంటే మంత్రమహిమ, రక్ష. ఇంగ్లిషువాళ్ళ టాలిస్మన్, ఉర్దూ తిలిస్మ్ ఒకే కడుపున పుట్టిన మాటలు. వాటి మూలం గ్రీకులోని టెలెస్మా. మందుసీసాకు తాయెత్తు పేరు పెట్టుకుని నూరేళ్ళు దాటింది!

తావీజు అరబ్బీ మాట, శరణు వేడడం అనే ధాతువులోంచి వచ్చింది. మనం దిష్టి అనేది సంస్కృతంలోని దృష్టి. దుష్ట అనే మాటతో దానికి చుట్టరికం లేదు, ఉత్త చూపే. తల్లి చూపు కూడా బిడ్డకు తగులుతుందని మనవాళ్ళు చెప్పేది అందుకే. చూసేవాడు చెడ్డవాడు కానక్కర్లేదు.

మరో రెండు మాటలు. పొలంలో కుండకు సున్నపు బొట్లు పెట్టి నిలబెట్టే దిష్టిబొమ్మ పేపర్లకెక్కి ధర్నాల్లో తగలబెట్టే బొమ్మ అయింది. పని పూర్తయ్యేదాకా విప్పనని చేతికి కట్టుకునే తోరం, కంకణం కట్టుకోవడం అనే పలుకుబడి అయింది.

చేంజ్ రూంలో కొక్కెం

మా అన్న కొడుకు బొంతపల్లి వైపు ఒక మందుల కంపెనీలో కెమిస్టు. బీ షిఫ్టు. వాడి కుడిచేతి మణికట్టుకు నల్లదారం, ఆ దారానికి చిన్న రాగి గొట్టం. బొంతపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర మా వదిన కట్టించింది. గొట్టం లోపల చుట్ట చుట్టిన రాగిరేకు, దాని మీద గీతలూ బీజాక్షరాలూ. రక్షరేకు అనేది దాన్నే. మూతకు లక్క పెట్టి మూస్తారు, చెమట చేరకుండా.

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే వాడికి చెప్పిన నియమం, ఇది వేసుకుని లోపలికి రాకూడదు. మందు తయారయ్యే గదుల్లోకి ఉంగరం, గడియారం, గాజు, దారం ఏదీ పోకూడదని ప్రపంచమంతటా మందుల తయారీ నియమాలు చెబుతాయి. దారం నుంచి నూలుపోగు రాలవచ్చు, దాని మడతల్లో చెమటా సూక్ష్మజీవులూ ఉంటాయి, ఎంత సబ్బు పెట్టినా ఉంగరం కిందకు నీళ్ళు చేరవు. తిరిగే యంత్రం దగ్గరైతే ఇంకో భయం. వేలాడే దారం షాఫ్టుకు చుట్టుకుంటే చెయ్యి కూడా వెంట పోతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం తిరుగుతున్న యంత్రాల దగ్గర ఒంటికి అంటిపెట్టుకునే బట్టలే వేసుకోవాలని చెప్పింది ఇందుకే.

ఆ చేంజ్ రూం సంగతి వాడు చెబుతుంటే నాకు కళ్ళకు కట్టింది. ప్రతి లాకరు తలుపు లోపలా ఒక చిన్న కొక్కెం. షిఫ్టు మొదట్లో దారాలన్నీ అక్కడికి చేరతాయి. బీహార్ వాళ్ళది ఎరుపూ పసుపూ కలిసిన మౌళి, లోహపు కడియం. ఒడిశా కుర్రాడిది జగన్నాథుని బొమ్మ లాకెట్టు. మనవాళ్ళవి నల్లదారాలు, హనుమంతుడి బిళ్ళలు. ఒకరిది వెండి తావీజు, ఒకరిది సిలువ. ఏ ఊరివాళ్ళు ఏ దేవుణ్ణి వెంటపెట్టుకుని పనికొచ్చారో ఆ కొక్కేలే చెబుతాయి. మొలతాడును మాత్రం ఎవరూ అడగరు, అది గౌను కింద ఉంటుంది.

ముడి మరీ బిగుసుకుపోయి ఊడకపోతే దారాన్ని కత్తెరతో కత్తిరించాల్సిందే. మొదటిసారి కత్తిరించినప్పుడు వాడు వారం రోజులు ఇంట్లో చెప్పలేదు, ఫుల్‌చేతుల చొక్కాలే వేసుకున్నాడు. మా వదినకు తెలిశాక కోప్పడలేదు. రెండోసారి జారుముడి వేయించింది.

కొండాపూర్ మట్టిబిళ్ళ

సంగారెడ్డికి దగ్గర్లోని కొండాపూర్ దిబ్బలను 1940ల మొదట్లో నిజాం రాజ్యపు పురావస్తుశాఖ తవ్వింది. ఆ శాఖ అధిపతి యాజ్దానీ నడిపించిన తవ్వకాలవి. శాతవాహనుల నాటి ఊరు బయటపడింది. నాణేలు, పూసలు, మట్టిబొమ్మలతో పాటు రోమన్ నాణేల అచ్చును పోలిన మట్టిబిళ్ళలు దొరికాయి, మెడలో వేసుకోవడానికి పైన వీలుతో. వీటిని పురావస్తు పండితులు బుల్లా అంటారు. రోములో బుల్లా అంటే మగపిల్లల మెడలో కట్టే రక్ష. పెద్దవాళ్ళయిన రోజున దాన్ని తీసి ఇంటి దేవతలకు సమర్పించేవాళ్ళు. మన కొండాపూర్‌లో మట్టితో అచ్చుపోసుకున్న ఆ బిళ్ళను ఎవరు ఏ బిడ్డ మెడలో కట్టారో! ఆ తవ్వకాల వస్తువులకు కొండాపూర్‌లోనే మ్యూజియం ఉంది. సెలవురోజు పిల్లల్ని తీసుకెళ్ళండి.

దీనికంటే పాతది అధర్వణవేదం. అందులో మణి అంటే చాలాచోట్ల నగ కాదు, ఒంటికి కట్టుకునే రక్ష. శంఖంతో చేసిన మణికీ, జంగిడమనే మొక్క మణికీ వేరువేరు సూక్తాలే ఉన్నాయి.

విమానం కింద నిమ్మకాయలు

కొత్త బండి కొంటే మనవాళ్ళు ముంబై రోడ్డు మీద రుద్రారం గణేశ్‌గడ్డకు పోతారు, లేదా బొంతపల్లికి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. 2019 అక్టోబరు 8న, సరిగ్గా విజయదశమి నాడు, ఫ్రాన్సులో మొదటి రాఫెల్ యుద్ధవిమానాన్ని అందుకుంటూ రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ చేసింది కూడా అదే. విమానం మీద ఓం రాశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. దేశమంతా రెండువైపులా వాదించుకుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. నిమ్మకాయ తొక్కించేటప్పుడు బండి చేతికి అలవాటున్నవాళ్ళే నడపాలి. 2025 సెప్టెంబరులో ఢిల్లీలో ఒకావిడ మొదటి అంతస్తులోని షోరూంలో కొత్త కారుతో నిమ్మకాయ తొక్కించబోయి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కారు. కారు అద్దాలు పగలగొట్టుకుని కింద పడింది. ప్రాణాపాయం తప్పింది.

భుజానికి రూపాయి

హైదరాబాద్ ముస్లిం ఇళ్ళలో ప్రయాణమయ్యేవాళ్ళ కుడి దండకు ఒక నాణెం గుడ్డలో చుట్టి కడతారు. ఇమామ్ జామిన్ అంటారు. ఇరాన్‌లోని మష్హద్‌లో సమాధి ఉన్న ఎనిమిదో ఇమామ్ రజా పూచీ అని అర్థం. నాకు ఇందులో నచ్చింది చివరి భాగం. క్షేమంగా చేరాక ఆ నాణేన్ని దాచుకోరు, లేనివాళ్ళకు దానం చేస్తారు. దుబాయి విమానం ఎక్కే ఎంతోమంది చొక్కా చేతుల కింద ఈ ముడి ఉండేది. ఇప్పుడూ ఉంది.

పులిగోరు వద్దు

పూర్వం కలిగినవాళ్ళ పిల్లలకు పులిగోరు బంగారంలో పొదిగి వేసేవాళ్ళు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. మూడు నుంచి ఏడేళ్ళ దాకా జైలు. 2023 అక్టోబరులో ఒక కన్నడ టీవీ షోలో పాల్గొంటున్నాయన మెడలో పులిగోరు లాకెట్టు చూసి అటవీ అధికారులు అక్కడికే వెళ్ళి అరెస్టు చేశారు.

పసిబిడ్డ ఒంటిమీద

అన్నిటికంటే ఎక్కువ రక్షలు కట్టేది పసివాళ్ళకే. బుగ్గన కాటుక చుక్క, మొలకు నల్లతాడు, చేతికి వసకొమ్ము, ఉయ్యాలకు నల్లజీడి. ఇక్కడ మాత్రం అమ్మలకు నాలుగు మాటలు చెప్పాలనిపిస్తోంది.

నల్లజీడి రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. చాకలివాళ్ళు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడిన సిరా ఈ గింజ రసమే. ఆ గుర్తు తగిలినచోట చర్మం కాలి, రెండో ప్రపంచయుద్ధంలో ఇక్కడికొచ్చిన తెల్ల సైనికుల మెడల మీద పుళ్ళు లేచాయి. డాక్టర్లు దానికి ధోబీ మార్క్ డెర్మటైటిస్ అని పేరు పెట్టారు. ఉయ్యాలకు కట్టినా బిడ్డ చేతికి అందనంత ఎత్తున కట్టండి.

ఇంకోటి, పూసలు. 2009లో న్యూయార్క్‌లో ఏడాది పిల్లాడి రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. గోడల రంగులూ ఆటబొమ్మలూ వెతికారు, దొరకలేదు. చివరికి చూస్తే మెడలో కంబోడియా నుంచి తెచ్చిన తాయెత్తు. దాని పూసల్లో 45 శాతం సీసమే, పిల్లాడేమో దాన్ని చప్పరిస్తున్నాడు. తీసేశాక సీసం తగ్గింది. సుర్మా, కొన్ని బజారు కాటుకల్లో కూడా సీసపు ఖనిజమే ఉంటుంది. కాబట్టి చుక్క బుగ్గనో అరికాలికో పెట్టండి, కంట్లో వద్దు. బూడిదరంగు చవక లోహపు పూసలు పిల్లల నోటికి అందనివ్వకండి. నూలుదారం చాలు. పెరిగే పిల్లల మొలతాడును నెలకోసారి వదులు చేయడం మరవొద్దు.

నడిసంద్రం, రియాక్టరు

పాపువా న్యూగినీలో ట్రోబ్రియాండ్ దీవులున్నాయి. నూరేళ్ళ కిందట మలినోవ్‌స్కీ అనే పరిశోధకుడు అక్కడి జాలరుల మధ్య ఉండి ఒక సంగతి గమనించాడు. తీరాన ఉప్పుటేరులో చేపలు పట్టేటప్పుడు వాళ్ళు ఏ మంత్రమూ చదవరు. అక్కడ ప్రమాదం లేదు, చేప ఖాయం. నడిసంద్రంలోకి పోయేటప్పుడే మంత్రాలూ రక్షలూ. పడవ కట్టడంలో, వల వేయడంలో వాళ్ళ నైపుణ్యానికి లోటు లేదు. తమ చేతిలో లేనిదానికోసమే రక్ష.

మన రోడ్డు మీద చూడండి. లారీకి ముందు నిమ్మకాయలు, వెనక నల్లచెప్పు. రాత్రి డ్యూటీకి పోయేవాళ్ళకు ఇంటి గుమ్మంలో విభూతి. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా పోయారు. చాలామంది బతుకుదెరువుకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. ఎన్నో శవాలను డీఎన్ఏ పరీక్షతో తప్ప గుర్తుపట్టలేకపోయారు. వాళ్ళలో ఎందరి చేతులకు తల్లులు కట్టిన దారాలుండేవో తలచుకుంటే గొంతు పట్టేస్తుంది. దారం కట్టడం తల్లి పని. వాల్వు సరిగా ఉందా, దుమ్ము పేరుకోకుండా తీస్తున్నారా, బయటికి పోయే తలుపు తెరుచుకుంటుందా చూడటం యాజమాన్యం పని, తనిఖీ అధికారి పని. మొదటిది జరగలేదని ఏ ప్రమాదంలోనూ ఎవరూ అనలేరు.

రక్ష ఉంటే ధైర్యం పెరిగి పని బాగా చేస్తారా? 2010లో జర్మనీ పరిశోధకులు కొందరికి ఇది అచ్చొచ్చిన బంతి అని చెప్పి గోల్ఫ్ బంతి ఇచ్చారు. వాళ్ళు పదిలో ఆరుకు పైగా గుంటలో వేశారు, మిగతావాళ్ళు ఐదులోపే. 2014లో అమెరికాలో ఎక్కువమందితో మళ్ళీ చేస్తే ఏ తేడా రాలేదు. మొదటి వార్త ఇంకా తిరుగుతూనే ఉంది, రెండోది చాలామందికి చేరలేదు.

మందుకూ తాయెత్తుకూ ఒకే చట్టం

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మందుల ప్రకటనలతో పాటు తాయెత్తు, మంత్రం, కవచం ప్రకటనలనూ పట్టుకుంటుంది. కట్టుకోవడం తప్పు కాదు. ఫలానా జబ్బు నయమవుతుందని ప్రకటించి అమ్మడం నేరం. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు. తెల్లవారుజామున టీవీలో వచ్చే కవచాల ప్రకటనలు చూసినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

పాముకాటు మంత్రాల గురించి కూడా ఒక మాట. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పేరు తలిస్తేనే విషం దిగుతుందని తెలంగాణ పల్లెల్లో నమ్మేవాళ్ళు. అర్ధరాత్రి వచ్చినా తనను లేపమని ఆయన చెప్పి ఉంచారని కథ. ఆయన 1911లో పోయారు. అప్పటికి పల్లెకు వేరే దిక్కు లేదు. ఇప్పుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసే విరుగుడు సర్కారు దవాఖానాలో ఇస్తారు. నర్సాపూర్ అడవి అంచు చేలల్లో పనిచేసేవాళ్ళు మంత్రగాడి ఇంటికి పోయే పది నిమిషాలు కూడా పోగొట్టుకోవద్దు.

భయం ముదిరితే దిష్టి దగ్గర ఆగదు. బాణామతి అనే చేతబడి చేస్తున్నారన్న అనుమానం పాత మెదక్ జిల్లా పల్లెల్లో ఎందరో నిరుపేదల మీద పడింది. పళ్ళు ఊడగొట్టారు, చంపారు. గుమ్మానికి నిమ్మకాయ కట్టుకోవడం వేరు, పక్కింటివాళ్ళను వేలెత్తి చూపడం వేరు.

పాతబడ్డాక

టర్కీ నీలిగాజు కన్ను 2018లో ఫోన్ల ఎమోజీల్లోకి వచ్చింది, దాని పేరే నజర్ అమ్యులెట్. ఇప్పుడు చార్మినార్ దగ్గర బండి తాళాలకు అదే వేలాడుతోంది. జపాన్‌లో ఒమమోరి అనే గుడ్డసంచి రక్షను విప్పి చూడరు. ఏడాది తిరిగాక గుడికి తిరిగి ఇచ్చేస్తారు, అక్కడ కాలుస్తారు. మనమూ పాతదారాన్ని చెత్తలో వేయం. చెట్టుకొమ్మకు కట్టడమో, పారే నీళ్ళలో వదలడమో. మన చుట్టుపక్కల చెరువుల్లో పారే నీళ్ళెక్కడివి, రావిచెట్టే నయం.

మా వాడి దారం సంగతి చెప్పడం మరిచాను. రాత్రి పది దాటాక బీ షిఫ్టు దిగి, గౌను విప్పి, చేతులు కడుక్కుని, కొక్కెం మీది దారం తీస్తాడు. జారుముడి అయినా సొంత చేతికి ఒంటిచేత్తో వేసుకోవడం కుదరదు. పక్క లాకరు దర్భంగా మనిషి ముందుకొచ్చి, "లావ్ భయ్యా" అని చెయ్యి పట్టుకుని ముడి వేస్తాడు. తరవాత తన మౌళి వీడి చేతిలో పెట్టి, మణికట్టు చాస్తాడు.